ఇంటి చెత్తకు మూడు దారులు

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. పాడి ఉన్న ఇంటి విషయంలో ఆ మాటకు మరొకటి చేర్చవచ్చు. కొట్టం చూసి, కొట్టం వెనుక పెంటకుప్ప చూసి ఆ ఇంటి పాడి ఎట్లా ఉన్నదో చెప్పవచ్చు. ఉదయం వాకిలి ఊడ్చిన చెత్త ఎక్కడికి పోతున్నది అనే ప్రశ్నకు, సాయంకాలం సంఘంలో పోసే పాలకు దగ్గరి సంబంధం ఉన్నది. ఆ సంబంధమేమిటో, మన ఇంట్లో మనం చేయగలిగినదేమిటో సభ్యులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

పాత ఇంటిలో రెండే దారులు

మన పెద్దల కాలంలో ఇంటి చెత్త అనేది పెద్ద సమస్యగా ఉండేది కాదు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు, కూరగాయల తొక్కలు, కంచంలో మిగిలిన నాలుగు మెతుకులు కుడితి గోలెంలోకి పోయేవి. పొయ్యిలోని బూడిద, వాకిట్లో ఊడ్చిన ఆకులు, పశువులు తొక్కి వదిలిన గడ్డి, పేడ, కొట్టం ఊడ్పు పెంటకుప్పకు చేరేవి. కుడితి పశువు తాగి పాలిచ్చేది. పెంట బండ్లకెత్తి పొలానికి తోలితే పంట పండేది. పారవేయడం అనే మాటకు ఆ ఇంట్లో చోటు లేదు. ప్రతి వస్తువుకూ ఒక దారి ఉండేది. ఆ దారులు రెండే: ఒకటి పశువు నోటికి, రెండవది పొలానికి.

తరువాత మూడో రకం వస్తువు ఇంట్లోకి వచ్చింది. కిరాణా దుకాణం నుంచి పాలిథిన్ సంచి, పిల్లల చిరుతిండి పొట్లం, షాంపూ పొట్లం, టీ తాగి పారవేసే గ్లాసు, మందుబిళ్ళల అట్ట వచ్చాయి. పశువుకు ఇవి ఆహారం కావు, పొలానికి ఎరువు కావు. వీటికి మూడో దారి ఏర్పాటు చేయవలసింది. మనం చేయలేదు. అందువలన అవి పాత దారులు రెండింటిలోనూ చొరబడ్డాయి. కొన్ని పశువు కడుపులోకి, కొన్ని పెంటతో పాటు పొలంలోకి పోతున్నాయి. నేటి చిక్కు అంతా ఇదే.

మన ప్రాంతం సంగతి

కుత్బుల్లాపూర్, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో ఈ మార్పు మిగతా పల్లెల కంటే ముందుగా, వేగంగా వచ్చింది. ఒకప్పుడు ఇవి జొన్న, కూరగాయలు, ద్రాక్ష పండిన ఎర్ర చల్క నేలలు. పెంటకు మంచి గిరాకీ ఉండేది. జీడిమెట్లలో పరిశ్రమలు వచ్చాయి. పొలాలు ప్లాట్లయ్యాయి. కుత్బుల్లాపూర్ మునిసిపాలిటీ 2007 ఏప్రిల్‌లో మరి 11 మునిసిపాలిటీలతో పాటు హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసింది. ఆ తరువాత చుట్టుపక్కల పంచాయతీలు కూడా పట్టణ పాలనలోకి వచ్చాయి.

ఊరు పట్నమైనా కొట్టాలు పూర్తిగా పోలేదు. నాగపూరు రోడ్డుకు ఇటూ అటూ ఫంక్షన్ హాళ్ళు, వాటి వెనుక సందులో నాలుగు బర్రెలు కట్టిన కొట్టం, దాని పక్కన ఖాళీ ప్లాటులో చెత్తకుప్ప. ఇది మనం రోజూ చూసే దృశ్యమే. మేత బీడు పోయింది, దాని స్థానంలోకి చెత్తకుప్ప వచ్చింది. విప్పిన పశువు అక్కడికే పోతున్నది.

పట్నం చెత్త కలిపి పోస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం పోనవసరం లేదు. హైదరాబాదు నగరపు చెత్త ఏళ్ళ తరబడి మన జిల్లాలోని జవహర్‌నగర్‌కు చేరింది. సుమారు 350 ఎకరాల స్థలంలో అది గుట్టలుగా పెరిగింది. కుళ్ళిన చెత్త నుంచి కారిన నల్లని నీరు పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది. పాత గుట్టపై మట్టి, పొరలు కప్పి మూసివేసే పని తరువాత జరిగింది. చెత్తతో విద్యుత్తు తయారుచేసే కర్మాగారం కూడా 2020లో అక్కడ మొదలైంది. అయినా, చెడిన నీటిని తిరిగి మంచినీరు చేయడం ఎంత కష్టమో ఆ చుట్టుపక్కల ఊళ్ళవారికి తెలుసు. దీనిలో మనకు ఒక పాఠం ఉన్నది. కూరగాయల తొక్క ఒంటరిగా ఉంటే మేత, ప్లాస్టిక్ ఒంటరిగా ఉంటే పాత సామాను. రెండూ కలిస్తే ఎందుకూ పనికిరాని విషం. కాబట్టి చెత్తను వేరుచేయవలసిన చోటు ఊరి బయట కాదు, వంటింటి గడప దగ్గర.

పశువు కడుపులో ఏం జరుగుతుంది?

మేక పెదవులతో ఏరుకుని తింటుంది. ఆవు, గేదె అట్లా కాదు. నాలుకతో చుట్టి లాగి, పెద్దగా నమలకుండానే మింగుతాయి. తీరికగా పడుకున్నప్పుడు నెమరు వేస్తాయి. మిగిలిన అన్నాన్ని పాలిథిన్ సంచిలో వేసి గట్టిగా ముడివేసి పారవేస్తే, వాసన తగిలిన పశువు ఆ ముడి విప్పలేదు. సంచితో సహా మింగుతుంది.

మింగినది రూమెన్ అనే పెద్ద పొట్టలో పడుతుంది. పెద్ద పశువులో అది వంద లీటర్లకు పైగా పట్టే తొట్టి వంటిది. అందులో కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి పశువుకు ఆహారంగా మారుస్తాయి. ప్లాస్టిక్‌ను అవి ఏమీ చేయలేవు. ఆ పొట్ట నుంచి ముందుకు పోయే ద్వారం చిన్నది కనుక సంచి బయటికి పోదు. ఒకదానికొకటి చుట్టుకుని ఏళ్ళ తరబడి ముద్దగా పేరుకుంటాయి. మేతకు చోటు తగ్గుతుంది. పశువు తిన్నట్లే ఉంటుంది గాని చిక్కిపోతుంది, నెమరు తగ్గుతుంది, మాటిమాటికీ కడుపు ఉబ్బుతుంది, పాలు పడిపోతాయి. మందులతో ఇది కరగదు. డొక్క దగ్గర కోసి, పొట్ట తెరిచి తీయవలసిందే.

పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థవారు, వీధుల్లో తిరిగే ఆవులకు ఇటువంటి శస్త్రచికిత్సలు చేయించి ఒక్కొక్క దాని కడుపులో నుంచి పదుల కిలోల ప్లాస్టిక్ తీశారు. ఆ సంచులతో పాటు మేకులు, తీగలు, తోలు ముక్కలు కూడా వచ్చాయి. ఈ విషయంపై వారు 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 

మేకులు, తీగముక్కల ప్రమాదం ఇంకా తీవ్రమైనది. బరువైన లోహం పెద్ద పొట్ట ముందున్న చిన్న అరలోకి జారుతుంది. ఆ అరకు గుండెకు మధ్య దూరం చాలా తక్కువ. పొట్ట కదిలినప్పుడల్లా మేకు ముందుకు గుచ్చుకుని గుండె పొర వరకు చేరవచ్చు. వీపు గూనిగా పెట్టి నిలబడడం, ముందుకాళ్ళ మోచేతులు దూరంగా పెట్టడం, పల్లానికి దిగనని మొరాయించడం, గంగడోలు వాపు వీటి లక్షణాలు. ఇవి కనబడితే నాటు వైద్యంతో కాలయాపన చేయక వెంటనే పశువైద్యుని పిలవాలి.

మొదటి దారి: కుడితి గోలెం

కుడితి మంచిదే. కాని గోలెంలో ఏది వేయవచ్చో, ఏది వేయకూడదో ఇంటిలోని ప్రతివారికీ, పిల్లలకు కూడా, తెలిసి ఉండాలి.

వేయదగినవి: బియ్యం, పప్పులు కడిగిన నీళ్ళు, గంజి, తవుడు, తెలకపిండి, తాజా కూరగాయల తొక్కలు, ఆకుకూరల కాడలు, అరటి తొక్కలు, కొద్దిగా మిగిలిన అన్నం.

వేయకూడనివి: బూజు పట్టిన రొట్టె, అన్నం, గింజలు; మాంసం, ఎముకలు తగిలిన మిగులు; మామిడి టెంకలు; సబ్బునీళ్ళు. బూజులోని విషం పశువుతో ఆగదు, పాలలోకి కూడా దిగుతుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే. టెంక గొంతుకు అడ్డం పడి గంటల్లో ప్రాణం తీయగలదు.

గోలెంలోని కుడితి ఏ రోజుది ఆ రోజు పెట్టి, గోలెం కడిగి బోర్లించాలి. మూడు రోజుల పులిసిన కుడితి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

పెళ్ళిళ్ళ రోజుల్లో మరింత జాగ్రత్త అవసరం. ఫంక్షన్ హాలు నుంచి గంపల కొద్దీ అన్నం ఊరికే వస్తున్నదని ఒకేసారి పెట్టిన చోట బర్రె చచ్చిపోవచ్చు. అన్నం పెద్ద పొట్టలో వేగంగా పులిసి ఆమ్లం పెరుగుతుంది. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. సగం రోజు నుంచి ఒక రోజులోపు మేత మానడం, కడుపు ఉబ్బడం, పుల్లని వాసనతో పారడం, తూలి పడిపోవడం కనబడతాయి. ప్రాణం పోకపోయినా గడ్డి తగ్గి అన్నం ఎక్కువైన పశువు పాలలో వెన్న శాతం పడిపోతుంది. మన పాల ధర వెన్న మీద ఆధారపడి ఉన్నది కనుక ఊరికే వచ్చిన అన్నం ఊరికే పోదు, బిల్లులో కోత పెట్టి పోతుంది. అటువంటి మిగులు వచ్చినప్పుడు పశువుకు రెండు మూడు పిడికెళ్ళు మించకుండా గడ్డితో పాటు పెట్టి, మిగిలినది రెండవ దారి పట్టించడం మంచిది.

రెండవ దారి: ఎరువు గుంత

పాలిచ్చే గేదె రోజుకు సుమారు 15 కిలోల పేడ వేస్తుంది. ఏడాదికి అది 5 టన్నుల పైమాట. దీన్ని ఆరుబయట కుప్పగా పోస్తే ఎండకు సారం ఆవిరైపోతుంది, వానకు కొట్టుకుపోతుంది. మూత్రంలోని నత్రజని అయితే మన చేతికే రాదు. ఇంటికి దగ్గరగా ఉన్న కుప్పలో ఈగలు గుడ్లు పెట్టి, ఆ కాళ్ళతోనే పాల బిందె మీద వాలతాయి. మధ్యాహ్నానికి పాలు విరిగితే తప్పు బిందెది కాదు.

చెత్త, పేడ కలిపి మంచి ఎరువు చేసే పద్ధతులను మన దేశంలోనే శాస్త్రీయంగా రూపొందించారు. ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుంచి 1931 వరకు ఇండోరులో పనిచేసి, భారత రైతుల అలవాట్లను గమనించి ఇండోరు పద్ధతిని ఏర్పరచాడు. 1939లో సి.ఎన్. ఆచార్య బెంగుళూరు పద్ధతిని రూపొందించారు. మన ఇళ్ళకు వీలయ్యే పద్ధతి ఈ క్రింది విధంగా ఉంటుంది.

1. కొట్టానికి వెనుక, బావికి లేదా బోరుకు కనీసం 50 అడుగుల దూరంలో, నీరు నిలవని మెరక చోట గుంత తీయాలి. చెట్టు నీడ ఉంటే మరీ మంచిది.

2. రెండు పశువులున్న ఇంటికి 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు చాలు. ఇటువంటివి రెండు కావాలి. ఒకటి నిండుతుండగా రెండవది మాగుతుంది.

3. వాన నీరు లోపలికి రాకుండా చుట్టూ జానెడు గట్టు పోయాలి.

4. రాత్రిపూట పశువుల కింద పనికిరాని గడ్డి, ఎండు ఆకులు పరిస్తే మూత్రాన్ని పీల్చుకుంటాయి. ఉదయం ఆ గడ్డిని, పేడను, ఇంటి తడి చెత్తను పొరలుగా గుంతలో ఒక చివర నుంచి మూడేసి అడుగుల భాగాలుగా నింపుతూ రావాలి.

5. ఒక భాగం నేలమట్టానికి అడుగున్నర ఎత్తు వచ్చాక గుండ్రంగా సర్ది, పేడ, మట్టి కలిపిన ముద్దతో అంగుళం మందాన అలకాలి. ఈగలు, దోమలు, దుర్వాసన ఉండవు. సారం లోపలే నిలుస్తుంది.

6. నాలుగు నెలలకు ఎరువు మాగుతుంది. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా, నల్లగా, తడి మట్టి వాసనతో ఉంటే సిద్ధమైనట్లే.

మంచి పశువుల ఎరువులో నత్రజని అర శాతం వరకు ఉంటుంది. అంటే నాలుగు టన్నుల ఎరువులో దాదాపు ఒక 45 కిలోల యూరియా బస్తాలో ఉన్నంత నత్రజని ఉన్నట్లు లెక్క. భాస్వరం, పొటాష్ అదనం. అన్నిటికీ మించి, మన ఎర్ర చల్క నేల వాన నీటిని పట్టి ఉంచే గుణం యూరియాతో రాదు, పెంటతోనే వస్తుంది. ఈ ఎరువులో ఒక్క పాలిథిన్ సంచి ఉన్నా అది పొలంలో ఏళ్ళ తరబడి అట్లాగే ఉంటుంది. దాని కింద పడ్డ విత్తనం పైకి రాదు.

నాలుగు పశువులు ఉన్నవారు గోబర్ గ్యాసు ప్లాంటు పెట్టుకోవచ్చు. రోజుకు 50 కిలోల పేడ ఉంటే రెండు ఘనపు మీటర్ల ప్లాంటు నడుస్తుంది. అయిదుగురున్న ఇంటికి వంట గ్యాసు వస్తుంది. గ్యాసు పోయాక మిగిలే బురదలో ఎరువు సారం తగ్గదు. గుజరాత్‌లో ఆణంద్ దగ్గరి జకరియాపురాలో పాడి మహిళలు ఇళ్ళ దగ్గర చిన్న గ్యాసు ప్లాంట్లు పెట్టుకుని, మిగిలిన బురదను సహకార సంఘం ద్వారా ఎరువుగా అమ్ముకుంటున్నారు. పాల మీద వచ్చినట్లే పేడ మీద కూడా ఆదాయం వస్తుందనడానికి అది ఉదాహరణ.

మూడవ దారి: గోడకు వేలాడే సంచి

మొదటి రెండు దారులూ మనకు పాతవే. కొత్తగా నేర్చుకోవలసినది మూడవదే, అదీ సులభమైనదే. ఖాళీ తవుడు సంచి ఒకటి తీసుకుని పశువుకు అందనంత ఎత్తులో వంటింటి గోడకు తగిలించండి. పాలిథిన్ సంచులు, చిరుతిండి పొట్లాలు, సీసాలు, డబ్బాలు, దాణా సంచి కుట్టు విప్పిన ప్లాస్టిక్ దారం దానిలో వేయండి. దారం ముక్క చిన్నదని నేల మీద వదలవద్దు. అది కూడా గడ్డితో పాటు పశువు కడుపులోకి పోతుంది.

ఇక్కడ మన సంగతి కూడా మనం దాచకుండా చెప్పుకోవాలి. ఒకప్పుడు సీసాలలో అమ్మిన పాలు నేడు పాలిథిన్ కవర్లలో పోతున్నాయి. మన పశువు ఇచ్చిన పాలే కవరై తిరిగి వచ్చి మరొక పశువు కడుపులో చేరడం మనకు గౌరవం కాదు. కవరు మూలను పూర్తిగా కత్తిరించి వేరుచేయక, అంటి ఉండేటట్లు కోయాలి. వాడిన కవరు నీళ్ళతో జాడించి ఆరబెట్టి సంచిలో వేయాలి. శుభ్రంగా ఉన్న పాల కవర్లను పాత సామాన్ల వారు తూకానికి కొంటారు. పట్నంలో ఉన్న మీ చుట్టాలకు కూడా ఈ మాట చెప్పండి.

ప్లాస్టిక్‌ను పొయ్యిలో గాని, చెత్తకుప్పలో గాని కాల్చకూడదు. ఆ పొగ పిల్లలకూ పశువులకూ విషమే.

ఇంకొక చిన్న డబ్బా ప్రత్యేకంగా ఉండాలి. పశువుకు వేసిన ఇంజక్షన్ సూదులు, పొదుగువాపు మందు గొట్టాలు, పగిలిన గాజు, మేకులు, తీగముక్కలు మూత ఉన్న డబ్బాలో వేయాలి. సూదులు, మందు గొట్టాలు పశువైద్యునికే తిరిగి ఇవ్వడం మంచిది. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా కుడితికి, నీళ్ళకు వాడరాదు.

కొన్ని సందేహాలు

"మునిసిపాలిటీ బండి రోజూ వస్తున్నది కదా, ఇంకా మనకెందుకు ఈ బాధ?" బండి రావడం మంచిదే. 2019లో పల్లె ప్రగతి కార్యక్రమంతో గ్రామ పంచాయతీలకు కూడా ట్రాక్టర్లు వచ్చాయి, చెత్త వేరుచేసే షెడ్లు కట్టారు. కాని కలిపి ఇచ్చిన చెత్తను ఏ బండీ విడదీయలేదు. తడి చెత్త మన గుంతలోనే ఉండిపోతే బండికి ఇవ్వవలసినది వారానికి ఒక సంచి మాత్రమే.

"సర్కారు ప్లాస్టిక్ నిషేధించింది గదా?" 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారవేసే గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు వంటి కొన్ని వస్తువులను కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. చిరుతిండి పొట్లాలు, పాల కవర్లు ఆ జాబితాలో లేవు. చట్టం అంగడిని అదుపుచేస్తుంది గాని మన వాకిలిని ఊడ్వదు.

"మాకు గుంత తీసే జాగా ఎక్కడిది?" కాలనీలలో ఉన్నవారికి ఇది నిజమైన ఇబ్బందే. సిమెంటు రింగులు రెండు మూడు పేర్చి, అడుగున గాలి ఆడే సందులు వదిలి, ఇంటి తడి చెత్తను పేడతో కలిపి మాగబెట్టవచ్చు. మిగిలిన పేడను కూరగాయల రైతులకు ఒప్పందంపై ఇవ్వవచ్చు. మురుగు కాలువలోకి మాత్రం పేడ వదలరాదు. కాలువ పూడిపోయి, ఇరుగుపొరుగుతో తగవు వచ్చి, చివరికి కొట్టమే ఎత్తివేయవలసి రావచ్చు.

"పశువును విడిస్తే మేత ఖర్చు కలిసివస్తుంది కదా?" చెత్తకుప్ప మీద మేసిన పశువు మేత ఖర్చు మిగల్చదు. శస్త్రచికిత్స ఖర్చు, తగ్గిన పాలు, చివరకు పశువు ధర కలిపి చూస్తే లెక్క తేలిపోతుంది.

సంఘం చేయగలిగినది

సభ్యుడు ఉదయం, సాయంకాలం రెండు పూటలా సంఘానికి వస్తాడు. ఇంటింటికీ ఇంత దగ్గరగా ఉన్న సంస్థ ఊళ్ళో మరొకటి లేదు. కనుక పాలక వర్గాలు ఈ విషయాలను రాబోయే సమావేశంలో ఆలోచించవలసిందిగా కోరుతున్నాము.

వారంలో ఒక రోజు పాలతో పాటు మూడవ దారి సంచిని కూడా సంఘానికి తెమ్మని చెప్పి, తూచి, పాత సామాన్ల వారికి అమ్మవచ్చు. వచ్చిన డబ్బు చిన్నదైనా పశువైద్య శిబిరాల మందులకు పనికివస్తుంది. ఊరి బడిపిల్లలకు ముడివేసిన సంచి పశువును ఎట్లా చంపుతుందో ఒక పూట చెప్పించవచ్చు. పిల్లలు విన్న మాట ఇంట్లో పెద్దవారి కంటే బాగా నిలబెడతారు. దగ్గరలోని ఫంక్షన్ హాళ్ళవారితో మాట్లాడి మిగిలిన అన్నాన్ని ఆరుబయట పోయకుండా చూడవచ్చు.

ముగింపు

ఇదంతా పెట్టుబడి అడిగే పని కాదు. గోలెం ఇంట్లో ఉన్నది. గుంతకు రెండు రోజుల శ్రమ. తవుడు సంచి ఎట్లాగూ ఖాళీగా పడి ఉన్నదే. కావలసినది ఒక్కటే అలవాటు. చేతిలోని వస్తువును వదిలే ముందు "దీనిని పశువు తింటుందా, పొలం తింటుందా?" అని ఒక్క క్షణం ఆలోచించాలి. రెండూ తినవంటే దాని చోటు సంచిలో. ఆ ఒక్క క్షణం ఆలోచన మన బర్రె ప్రాణాన్ని కాపాడుతుంది, మన పాలకు వెన్నను నిలుపుతుంది, మన నేలకు సారాన్ని ఇస్తుంది. రేపు ఉదయం వాకిలి ఊడ్చేటప్పుడే ఈ పని మొదలుపెట్టండి.